ఏ ఎస్‌యూవీ కొనాలి? షోరూమ్‌కి వెళ్లే ముందు తేల్చుకోవాల్సినవి, వెళ్లాక చూడాల్సినవి

నా మొదటి ఎస్‌యూవీ ఏడు సీట్లది, డీజిల్, పైగా ఫోర్‌వీల్ డ్రైవ్. అప్పట్లో మా ఇంటి నుంచి ఆఫీసు 6 కిలోమీటర్లు. మూడేళ్లలో మూడో వరసలో మనుషులు కూర్చున్న రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఫోర్‌వీల్ లివర్ రెండుసార్లు వేశాను, అందులో ఒకసారి మా బావమరిదికి చూపించడానికి. ఇంజిన్ సరిగ్గా వేడెక్కేలోపే ఆఫీసు వచ్చేసేది కాబట్టి సైలెన్సర్ లైన్‌లో ఉండే మసి ఫిల్టర్ పూడుకుపోయి, డాష్‌బోర్డు మీద పసుపు లైటు వెలిగి, సర్వీస్ సెంటర్ చుట్టూ తిరగడమే సరిపోయింది. బండిలో లోపం లేదు, మంచి బండే. నాకు పనికొచ్చే బండి కాదు, అంతే.

కాబట్టి ఇక్కడ "బెస్ట్ ఎస్‌యూవీలు" అని జాబితా ఏమీ ఇవ్వను. మోడళ్లు ఏటా మారతాయి, మీ అవసరం అంత తొందరగా మారదు. ముందు అవసరం, తర్వాత డబ్బు, ఆ తర్వాతే బండి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు, ఏదో బండి రోడ్డు మీద కనబడి మనసు పారేసుకుని, ఆ తర్వాత దానికి తగ్గ కారణాలు వెతుక్కుంటారు. నేనూ అదే చేశాను.

1. రెండు వారాలు ఒక కాగితం మీద లెక్క రాయండి

వినడానికి చాదస్తంలా ఉంటుంది గానీ ఇంతకంటే పనికొచ్చే పని ఇంకోటి లేదు. రోజూ ఎన్ని కిలోమీటర్లు తిరిగారు, ట్రాఫిక్‌లోనా హైవే మీదా, బండిలో ఎంతమంది ఉన్నారు, వెనక ఏం సామాను వేశారు, ఎక్కడ పార్క్ చేశారు, రోడ్డు ఎలా ఉంది, ఇవి రాయండి. తర్వాత పోయిన ఏడాదిలో చేసిన దూర ప్రయాణాలు గుర్తు తెచ్చుకుని పక్కన వేరుగా రాయండి.

ఇప్పుడు ఆ కాగితం చూస్తే సంగతి అర్థమవుతుంది. చాలామందికి 365 రోజుల్లో 340 రోజులు బండిలో ఒకరో ఇద్దరో ఉంటారు, 20 కిలోమీటర్ల లోపే తిరుగుతారు. కానీ బండి కొనేటప్పుడు మాత్రం మిగతా 25 రోజులే కళ్ల ముందు ఆడతాయి: కొండలు, బురద దారి, బంధువులందరితో కలిసి ప్రయాణం. ఆ 25 రోజుల కోసం మిగతా 340 రోజులూ పెద్ద బండి మోయాలా, లేక ఆ నాలుగైదు ట్రిప్పులకు పెద్ద బండి అద్దెకు తీసుకోవాలా అన్నది ఇక్కడే తేల్చుకోండి. అలాగని అందరికీ చిన్నదే చాలని కాదు. వారానికి మూడుసార్లు మట్టి దారిలో పోయేవాళ్లు, ఇంట్లో ఆరుగురున్నవాళ్లు ఉంటారు, వాళ్ల కాగితం వేరే మాట చెబుతుంది. ఎవరి కాగితం వాళ్లదే.

ఇంకొకటి. బండి కనీసం ఆరేడేళ్లు ఉంటుంది. అన్నేళ్లలో ఇంట్లో ఏం మారబోతుందో కూడా ఆలోచించండి. పిల్లలు పుట్టొచ్చు, పెద్దవాళ్లకు మోకాళ్ల నొప్పులు రావచ్చు, ఉద్యోగం మారొచ్చు.

2. బడ్జెట్ అంటే బండి ధర ఒక్కటే కాదు

షోరూమ్ వాళ్లు మీతో నెల కిస్తీ గురించే మాట్లాడతారు. కిస్తీ ఎంత కావాలంటే అంత చిన్నది చేసి చూపించొచ్చు, గడువు పెంచితే సరి. ఉదాహరణకు 9 శాతం వడ్డీకి 100 అప్పు తీసుకున్నారనుకోండి. నాలుగేళ్లలో తీర్చేస్తే మొత్తం కట్టేది సుమారు 119. అదే ఏడేళ్లకు సాగదీస్తే సుమారు 135. నెల కిస్తీ దాదాపు 2.5 నుంచి 1.6కి తగ్గింది కాబట్టి చేతికి హాయిగా అనిపిస్తుంది, కానీ వడ్డీ 19 నుంచి 35కి పోయింది. పైగా ఏడో ఏట బండి పాతబడి, రిపేర్లు మొదలయ్యే టైముకి కూడా మీరింకా కిస్తీ కడుతూనే ఉంటారు. నాలుగేళ్లలో, మహా అయితే అయిదేళ్లలో తీర్చలేని అప్పు పెట్టాల్సి వస్తోందంటే ఆ బండి మీ స్థాయికి ఒక మెట్టు పైన ఉన్నట్టే. కఠినంగా ఉంటుంది గానీ నిజం.

కిస్తీ కాకుండా ఇన్సూరెన్స్, రిజిస్ట్రేషన్, పన్నులు, సర్వీసు, టైర్లు, ఇంధనం ఉంటాయి. వీటన్నిటికంటే కంటికి కనబడని ఖర్చు ఇంకోటి ఉంది, బండి విలువ తగ్గడం. కొత్త బండి మొదటి రెండు మూడేళ్లలోనే అన్నిటికంటే వేగంగా విలువ పోగొట్టుకుంటుంది. అది బిల్లు రూపంలో రాదు కాబట్టి ఎవరూ లెక్కలో వేయరు, అమ్మే రోజున మాత్రం ఒక్కసారే తగులుతుంది.

ఇంధనం లెక్క ఇలా వేసుకోండి. ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరుగుతారు. లీటరుకు 15 ఇచ్చే బండికి 800 లీటర్లు, 12 ఇచ్చే బండికి 1,000 లీటర్లు. అంటే ఏడాదికి 200 లీటర్ల తేడా, అయిదేళ్లకు 1,000 లీటర్లు. దాన్ని మీ దగ్గరి రేటుతో గుణించి, రెండు బండ్ల ధరల తేడా పక్కన పెట్టి చూడండి. మైలేజీ ఎక్కువని అదనంగా పెట్టిన డబ్బు కొన్నిసార్లు రెండేళ్లలో తిరిగొస్తుంది, తక్కువ తిరిగేవాళ్లకు ఒక్కోసారి ఎప్పటికీ తిరిగి రాదు. కంపెనీ చెప్పే మైలేజీ ల్యాబ్‌లో కొలిచింది, ఆ అంకెతో లెక్క వేయకండి. అదే బండి రెండేళ్లుగా నడుపుతున్నవాళ్లని అడగండి.

టైర్ల సంగతి చాలామంది అసలు పట్టించుకోరు. టైరు పక్కన 215/60 ఆర్17 అని ఉంటే వెడల్పు 215 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 60 శాతం, అంటే 129 మిల్లీమీటర్లు, రిమ్ 17 అంగుళాలు. అదే బండి పై వేరియంట్‌లో 225/50 ఆర్18 ఇస్తే పక్క గోడ 112కి తగ్గుతుంది. చూడటానికి అందంగా ఉంటుంది. గుంతలో పడితే దెబ్బ రిమ్‌కి, మీ నడుముకి తగులుతుంది, మార్చాల్సి వచ్చినప్పుడు టైరు ధర కూడా ఎక్కువే. రోడ్లు బాగాలేని చోట తిరిగేవాళ్లు చిన్న రిమ్ ఉన్న వేరియంట్ తీసుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

3. సైజు: ఎంతమంది, ఎంత సామాను, ఎంత జాగా

ఏడు సీట్ల బండి అనగానే ఏడుగురూ, వాళ్ల పెట్టెలూ పడతాయనుకుంటారు. మూడో వరస ఎత్తితే చాలా బండ్లలో వెనక మిగిలేది రెండు చిన్న బ్యాగుల చోటు. అంటే ఏడుగురు లేదా సామాను, రెండూ కుదరవు. నిజంగా ఏడుగురు తరచూ తిరిగేవాళ్లకు ఎస్‌యూవీ కంటే ఎంపీవీ, అంటే ఎక్కువ మంది కూర్చునేలా కట్టిన వ్యాన్ లాంటి కారు, ఎక్కువ సుఖం, నేల కిందగా ఉంటుంది, మూడో వరసలోకి ఎక్కడం తేలిక. ఎస్‌యూవీ కొందామని చదువుతున్నవాళ్లకు ఈ మాట రుచించదని తెలుసు.

ఇంకో లెక్క ఎవరూ చెప్పరు. బండి కాగితాల్లో రెండు బరువులు ఉంటాయి: ఖాళీ బండి బరువు, మనుషులూ సామానూ కలిపి అనుమతించిన గరిష్ఠ బరువు. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే ఆ బండి మోయగలిగే బరువు వస్తుంది. ఉదాహరణకు అది 550 కిలోలు అనుకోండి. సగటున 70 కిలోల చొప్పున ఏడుగురు ఎక్కితే 490. ఇక సామానుకు మిగిలింది 60 కిలోలు. పైన క్యారియర్ పెట్టి ఇంకో రెండు పెట్టెలు కట్టారంటే హద్దు దాటినట్టే, బ్రేకులూ సస్పెన్షనూ టైర్లూ అన్నీ దాని ఫలితం అనుభవిస్తాయి. టాప్ మీద ఎంత బరువు పెట్టొచ్చో ఓనర్స్ మాన్యువల్‌లో విడిగా రాసి ఉంటుంది, చాలా బండ్లకు అది 100 కిలోల లోపే.

గ్రౌండ్ క్లియరెన్స్ గురించి అందరూ అడుగుతారు. మామూలు కార్లకు 150 నుంచి 170 మిల్లీమీటర్లు, ఎస్‌యూవీలకు సుమారు 180 నుంచి 220 ఉంటుంది. ఆ అంకె ఖాళీ బండిదా, లోడు వేసినదా అని అడగండి, కంపెనీలన్నీ ఒకే పద్ధతిలో కొలవవు. అంకె ఒక్కటే చూసినా సరిపోదు. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం ఎక్కువైతే అదే క్లియరెన్స్ ఉన్నా పెద్ద స్పీడ్ బ్రేకర్ మీద పొట్ట తగులుతుంది. ముందు బంపర్ కిందికి వేలాడుతుంటే ర్యాంపు ఎక్కేటప్పుడు గీసుకుంటుంది.

ఇక పార్కింగ్. టేపు తీసుకుని మీ పార్కింగ్ జాగా, గేటు వెడల్పు కొలవండి. బండి వెడల్పు బ్రోషర్‌లో ఉంటుంది గానీ చాలాసార్లు అద్దాలు కలపకుండా ఇస్తారు. తలుపు తెరిచి మనిషి దిగడానికి చోటు కావాలి కదా, దానికీ కలిపి కొలవండి.

4. లోపలి ఎముకలు: ల్యాడర్ ఫ్రేమా, మోనోకాకా

ఎస్‌యూవీ అని ఒకే పేరుతో రెండు వేరువేరు జాతుల బండ్లు అమ్ముతున్నారు. ఒకటి పాత పద్ధతి, నిచ్చెన లాంటి ఉక్కు చట్రం మీద బాడీని బిగిస్తారు. టయోటా ల్యాండ్ క్రూజర్, జీప్ రాంగ్లర్, 1970లో మొదలైన సుజుకి జిమ్నీ ఈ కోవలోవి. రెండోది మామూలు కారులాగే బాడీ, చట్రం ఒకటే, దీన్నే మోనోకాక్ అంటారు. 1994లో వచ్చిన టయోటా రావ్4 ఇలా కారు పునాది మీద ఎస్‌యూవీ రూపం కట్టి ఆ దారిని పెద్దది చేసింది. ఇవాళ రోడ్ల మీద కనబడే ఎస్‌యూవీల్లో ఎక్కువ భాగం ఈ జాతివే, క్రాసోవర్ అనేది వీటినే.

ల్యాడర్ ఫ్రేమ్ బండి రాళ్ల దారిలో, బరువు లాగడంలో, ఏళ్ల తరబడి మొరటు వాడకంలో నిలబడుతుంది. బదులుగా బరువెక్కువ, తాగేదెక్కువ, మలుపుల్లో ఊగుతుంది, ఎక్కడానికి మెట్టు కావాలి. మోనోకాక్ బండి తేలిగ్గా, మెత్తగా, కారులా నడుస్తుంది. మీ కాగితం మీద "మట్టి దారి" అన్న మాట నెలకు ఒకసారి కూడా లేకపోతే ల్యాడర్ ఫ్రేమ్ గురించి ఆలోచించడం అనవసరం. చూపు బాగుందని కొంటే మాత్రం రోజూ దాని కుదుపు భరించాలి.

5. రెండు చక్రాలా, నాలుగా

ఇక్కడ ఒక అపోహ పోవాలి. నాలుగు చక్రాలకూ శక్తి వెళితే బండి కదలడం తేలికవుతుంది, జారుడు చోట ముందుకు లాగుతుంది. కానీ ఆగడంలో దాని సాయం ఏమీ లేదు, ఎందుకంటే ప్రతి బండికీ బ్రేకులు నాలుగు చక్రాలకే ఉంటాయి. మంచులో, తడి రోడ్డు మీద ఆపేది టైరు. అరిగిన టైర్లున్న ఫోర్‌వీల్ బండి కంటే మంచి టైర్లున్న టూవీల్ బండి నయం.

ఆల్‌వీల్ డ్రైవ్ అంటే బండే చూసుకుంటుంది, జారినప్పుడు శక్తిని పంచుతుంది. తరచూ వాన, మంచు, ఘాట్ రోడ్లు ఉంటే ఇది చాలు. పార్ట్ టైమ్ ఫోర్‌వీల్ అంటే మీరు లివర్ వేయాలి, దాంతో పాటు లో రేంజ్ గేరు, అంటే నెమ్మదిగా పోతూ ఎక్కువ బలంతో లాగే గేరు ఉంటుంది, నిటారు ఎక్కుడు, లోతైన బురద, ఇసుక అలాంటివాటికి. దీన్ని ఎండిన తారు రోడ్డు మీద వేసి నడపకూడదు. మలుపులో ముందు చక్రాలూ వెనక చక్రాలూ వేరువేరు దూరాలు తిరుగుతాయి, వాటి మధ్య సర్దుబాటుకు సెంటర్ డిఫరెన్షియల్ ఉండదు కాబట్టి లోపల గేర్లు బిగుసుకుంటాయి. మా బావమరిదికి చూపించిన రోజు నేను చేసింది సరిగ్గా ఇదే. స్టీరింగ్ బరువెక్కి, కింద నుంచి టకటకమని చప్పుడొచ్చింది, ఇద్దరం మొహాలు చూసుకున్నాం.

ఆల్‌వీల్ బండ్లకు ఇంకో ఖర్చు కూడా ఉంది. నాలుగు టైర్లూ దాదాపు ఒకేలా అరిగి ఉండాలి. ఒకటి పాడైతే ఒక్కోసారి నాలుగూ మార్చాల్సి రావచ్చు.

6. పెట్రోలా, డీజిలా, హైబ్రిడ్డా, ఎలక్ట్రిక్కా

దీనికి జవాబు కాగితం మీద ముందే ఉంది. రోజూ పొట్టి పొట్టి ప్రయాణాలైతే డీజిల్ వద్దు. ఆధునిక డీజిల్ బండ్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది, దాంట్లో చేరిన మసి కాలిపోవాలంటే ఇంజిన్ బాగా వేడెక్కి, ఆగకుండా పావుగంట ఇరవై నిమిషాలు మంచి వేగంతో నడవాలి. రోజూ 6 కిలోమీటర్లు ట్రాఫిక్‌లో పాకితే అది కాలదు, పూడుకుపోతుంది. నా కథ ఇదే. కొన్ని డీజిల్ బండ్లకు యూరియా ద్రావణం కూడా అప్పుడప్పుడూ పోయాలి. హైవే మీద రోజూ వంద కిలోమీటర్లు తిరిగేవాళ్లకు, బరువు లాగేవాళ్లకు మాత్రం డీజిల్ ఇప్పటికీ హాయి, తక్కువ ఆర్‌పీఎమ్‌లోనే లాగుతుంది కాబట్టి గేర్లు ఊరికే మార్చక్కర్లేదు.

పెట్రోల్‌లో ఇప్పుడు ఎక్కువగా చిన్న టర్బో ఇంజిన్లు వస్తున్నాయి. వీటి మైలేజీ మీ కుడి కాలి మీద ఆధారపడుతుంది. నెమ్మదిగా నడిపితే చిన్న ఇంజిన్‌లా తాగుతుంది, తొక్కితే పెద్ద ఇంజిన్‌లా తాగుతుంది. పైగా ఎస్‌యూవీ ఎత్తుగా, డబ్బాలా ఉంటుంది కాబట్టి గాలి అడ్డుకుంటుంది. గాలి ఒత్తిడి వేగం వర్గంతో పెరుగుతుంది, గంటకు 80 నుంచి 110కి వెళితే దాదాపు రెట్టింపు అవుతుంది. హైవే మీద మైలేజీ రావట్లేదని గోల పెట్టేవాళ్లలో సగం మందికి మందు స్పీడు తగ్గించుకోవడమే.

హైబ్రిడ్ అనే మాట దగ్గర జాగ్రత్తగా ఉండాలి. మైల్డ్ హైబ్రిడ్ అంటే చిన్న మోటారు ఇంజిన్‌కి కాస్త చెయ్యి అందిస్తుంది అంతే, మైలేజీ తేడా కొద్దిగానే ఉంటుంది. ఫుల్ హైబ్రిడ్, కొందరు స్ట్రాంగ్ హైబ్రిడ్ అంటారు, బ్రేకు వేసినప్పుడు పోయే శక్తిని బ్యాటరీలో దాచుకుని నెమ్మది ట్రాఫిక్‌లో మోటారు మీదే నడుస్తుంది. ఆగుతూ సాగుతూ ఉండే సిటీ వాడకానికి ఇంతకంటే పొదుపైన ఇంధన బండి లేదు. హైవే మీద స్థిరంగా పోయేవాళ్లకు ఆ లాభం చాలావరకు తగ్గిపోతుంది. ప్లగిన్ హైబ్రిడ్ రోజూ ఛార్జింగ్ పెట్టేవాళ్లకే. పెట్టకపోతే ఊరికే ఆ బ్యాటరీ బరువు మోస్తూ తిరుగుతున్నట్టే.

ఎలక్ట్రిక్‌కి ఒకే ఒక ప్రశ్న ముందు వేసుకోండి: మీరు పడుకునే చోట ఛార్జింగ్ పెట్టుకునే వీలుందా? ఉంటే రోజువారీ వాడకానికి అది చాలా సుఖం, ఖర్చు కూడా తక్కువ. లేకపోతే బయటి ఛార్జర్ల మీద ఆధారపడి బతకడం టెన్షన్. చెప్పిన రేంజ్ హైవే వేగంలో తగ్గుతుంది, చలిలో ఇంకా తగ్గుతుంది. ఫాస్ట్ ఛార్జర్ దగ్గర 80 శాతం దాటాక ఛార్జింగ్ బాగా నెమ్మదిస్తుంది. కాబట్టి దూర ప్రయాణాల్లో చెప్పిన రేంజ్‌లో అరవై డెబ్బై శాతమే లెక్కలో వేసుకోండి. బ్యాటరీ వారంటీ చాలా కంపెనీలు 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు ఇస్తాయి, అందులో సామర్థ్యం ఎంతకు పడిపోతే మారుస్తారో చదవండి.

ఆటోమేటిక్ గేర్‌బాక్స్ రకాల గురించి క్లుప్తంగా. ఏఎమ్‌టీ, అంటే మామూలు గేర్‌బాక్స్‌కే క్లచ్, గేర్లు తనంతట తానే వేసే యంత్రం తగిలించింది, చవక, కానీ గేరు మారేటప్పుడు తల ఊగుతుంది. సీవీటీ, అంటే విడివిడి గేర్లు లేకుండా బెల్టుతో సర్దుకునేది, సిటీలో మెత్తగా ఉంటుంది, గట్టిగా తొక్కితే ఇంజిన్ అరుస్తుంది. రెండు క్లచ్‌లతో పనిచేసే డ్యూయల్ క్లచ్ చురుగ్గా ఉంటుంది, కానీ అందులో డ్రై క్లచ్ రకం, అంటే క్లచ్ ఆయిల్‌లో మునిగి ఉండనిది, గంటల తరబడి పాకే ట్రాఫిక్‌లో వేడెక్కుతుంది. క్లచ్ బదులు ఆయిల్ ద్వారా శక్తిని అందించే టార్క్ కన్వర్టర్ పాతది, బరువైనది, నమ్మకమైనది. నన్నడిగితే ఎస్‌యూవీకి అదే.

7. భద్రత: ఎత్తుగా కూర్చున్నామని ధైర్యపడొద్దు

ఎత్తు బండి బోల్తా పడే అవకాశం కారు కంటే ఎక్కువ. దీన్ని కొలవడానికి ఒక సులువైన లెక్క ఉంది: చక్రాల మధ్య వెడల్పును బండి గురుత్వ కేంద్రం ఎత్తుకు రెండింతలతో భాగిస్తారు. అంకె ఎంత తక్కువైతే అంత సులువుగా పడుతుంది. అమెరికాలో 2001 మోడళ్ల నుంచి ఈ లెక్క ఆధారంగానే రోల్‌ఓవర్ రేటింగులు ఇస్తూ వచ్చారు. ఈ ప్రమాదాన్ని తగ్గించేది ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్, అంటే ఈఎస్‌సీ. బండి అదుపు తప్పుతున్నప్పుడు ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసి దారిలో పెడుతుంది. ఎన్ని తగ్గించుకున్నా ఇది లేని ఎస్‌యూవీ మాత్రం కొనకండి. ఎలక్ట్రిక్ ఎస్‌యూవీల్లో బ్యాటరీ నేల కింద ఉంటుంది కాబట్టి ఈ విషయంలో వాటికి కాస్త మేలు.

క్రాష్ టెస్ట్ స్టార్లు చూడండి, కానీ మూడు ప్రశ్నలతో చూడండి. ఏ ఏడాది పరీక్ష, ఏ వేరియంట్ మీద, ఎన్ని ఎయిర్‌బ్యాగులతో? యూరప్‌లో కార్లకు క్రాష్ టెస్టులు చేసే యూరో ఎన్‌క్యాప్ 1997లో మొదలైంది, అప్పటి నుంచి నియమాలు కఠినం అవుతూనే ఉన్నాయి. పదేళ్ల కిందటి అయిదు స్టార్లూ, ఇప్పటి అయిదు స్టార్లూ ఒకటి కావు. పెద్దవాళ్లకు, పిల్లలకు విడివిడిగా ఇచ్చే మార్కులు రెండూ చూడండి.

పిల్లలుంటే చైల్డ్ సీటు బిగించే ఐసోఫిక్స్ కొక్కేలు ఎన్ని, ఏ వరసలో ఉన్నాయో చూసి, మీ చైల్డ్ సీటు తెచ్చి అక్కడే బిగించి చూడండి. మూడో వరసలో పిల్లల్ని కూర్చోబెట్టే ఆలోచన ఉంటే అక్కడ తలకు ఆనుడు, మూడు పాయింట్ల బెల్టు ఉన్నాయో లేదో, వాళ్ల తలకూ వెనక అద్దానికీ ఎంత దూరముందో చూడండి. ఆ దూరం చూశాకే నేను మా పిల్లల్ని మళ్లీ మధ్య వరసకు మార్చాను. ఎత్తైన బానెట్ ముందు చిన్న పిల్ల నిలబడితే డ్రైవర్‌కి అసలు కనబడదన్నది కూడా మర్చిపోవద్దు, కెమెరా ఇక్కడ షోకు కాదు.

తనంతట తానే బ్రేకు వేసే సిస్టమ్, పక్క బండి కనబడని చోటు చెప్పే హెచ్చరిక నిజంగా పనికొస్తాయి. వీటి కెమెరా ముందు అద్దం వెనక ఉంటే, అద్దం మార్చినప్పుడల్లా దాన్ని మళ్లీ సరిచేయించాలి, ఆ ఖర్చు గుర్తుంచుకోండి.

8. వేరియంట్ వల

చూడటానికి వచ్చింది మధ్య వేరియంట్, సంతకం పెట్టింది టాప్ వేరియంట్ మీద. ఇది రోజూ జరిగేదే. "ఇంకాస్త వేస్తే" అన్న మాట నాలుగుసార్లు విన్నాక మీరు బడ్జెట్ దాటి చాలా దూరం వచ్చేసి ఉంటారు. ఇంట్లోంచి బయల్దేరే ముందే మూడు గడులు గీసి రాసుకోండి: తప్పదు, ఉంటే మంచిది, అక్కర్లేదు. నా "తప్పదు" గడిలో ఈఎస్‌సీ, ఆరు ఎయిర్‌బ్యాగులు, వెనక ఏసీ వెంట్లు, వెనక వైపర్ ఉంటాయి. సన్‌రూఫ్ అక్కర్లేని గడిలో ఉంటుంది. తల మీద కొన్ని సెంటీమీటర్ల చోటు తినేస్తుంది, నీరు పోయే గొట్టాలు పూడుకుంటే లోపలికి కారుతుంది. పిల్లలు ఒప్పుకోరు, అది వేరే సంగతి.

9. టెస్ట్ డ్రైవ్ అంటే షోరూమ్ చుట్టూ రౌండు కాదు

పది నిమిషాలు నున్నటి రోడ్డు మీద తిప్పితే ఏ బండయినా బాగుంటుంది. కనీసం గంట అడగండి, ఇవ్వనంటే ఇంకో చోటికి పోండి. కుటుంబాన్ని మొత్తం తీసుకెళ్లండి. పెద్దవాళ్లు చేయి సాయం లేకుండా ఎక్కి దిగగలుగుతున్నారా? మీరు వెనక సీట్లో, మూడో వరస ఉంటే అందులో కూడా, ఇరవై నిమిషాలు కూర్చోండి. మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చోవాల్సి వస్తే పెద్దవాళ్లు అందులో గంట కూడా ప్రయాణించలేరు.

మీరు రోజూ పోయే దారిలోనే నడపండి. మీకు తెలిసిన గుంతల మీద నడిపితేనే సస్పెన్షన్ సంగతి తెలుస్తుంది. ఇరుకు వీధిలో యూ టర్న్ తీయండి. ముందు అద్దం పక్కనుండే స్తంభం లావుగా ఉంటే మలుపులో మనిషి దాని వెనక మాయమవుతాడు, ప్రత్యేకించి చూడండి. హైవే మీద మ్యూజిక్ ఆపేసి గాలి చప్పుడు, టైర్ల చప్పుడు వినండి. నలుగురు ఎక్కి ఏసీ వేసుకుని ఎక్కుడు ఎక్కించండి, ఓవర్‌టేక్ చేయాల్సినప్పుడు బండికి ఊపిరి అందుతుందో లేదో అప్పుడు తెలుస్తుంది. వీలైతే చీకటి పడ్డాక ఇంకోసారి వెళ్లండి, హెడ్‌లైట్లు పగలు అందరివీ బాగానే ఉంటాయి.

మీ పెద్ద సూట్‌కేసు, పిల్లల బండి ఏదుంటే అది తెచ్చి డిక్కీలో పెట్టి చూడండి. లీటర్ల లెక్క కంపెనీకొక తీరుగా ఉంటుంది, మీ పెట్టె పట్టిందా లేదా అన్నదే కొలత. డిక్కీ అంచు ఎంత ఎత్తులో ఉందో కూడా చూడండి, బరువైన పెట్టె అంతెత్తు లేపాల్సింది మీరే. సేల్స్‌మ్యాన్ వింతగా చూస్తాడు, చూడనివ్వండి. టచ్ స్క్రీన్ విషయంలో మాత్రం ఒక్కటే పరీక్ష: బండి నడుపుతూ కళ్లు రోడ్డు మీదే ఉంచి ఏసీ తగ్గించగలరా?

10. సెకండ్ హ్యాండ్ అయితే

తక్కువ బడ్జెట్‌లో పెద్ద బండి కావాలంటే మూడు నాలుగేళ్ల పాతది మంచి దారి, విలువ పడిపోయే మొదటి దెబ్బ ఎవరో భరించేశారు కదా. కాకపోతే పాత ఖరీదైన బండి కొన్నది తక్కువకే అయినా దాని విడిభాగాల ధర మాత్రం ఖరీదైన బండి ధరే.

ఉదయాన్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు వెళ్లండి. ముందే వేడి చేసి ఉంచితే ఎందుకో ఆలోచించండి. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది, వేడెక్కాక కూడా తెల్లటి పొగ ఆగకపోతే కూలెంట్ లోపలికి పోతోందేమో చూపించండి. సీటు బెల్టు చివరి దాకా లాగండి, అక్కడ బురద మరక కనబడితే బండి నీళ్లలో మునిగిందని అనుమానించాలి. కార్పెట్ వాసన చూడండి. కింద లిఫ్టు మీద పెట్టించి చట్రం తుప్పు, రాళ్ల దెబ్బలు చూడండి, ఆఫ్‌రోడ్ మోజుతో నలిపేసిన బండి పైనుంచి మెరుస్తూనే ఉంటుంది. ఫోర్‌వీల్ ఉంటే మట్టి నేల మీద లో రేంజ్ వేసి, పడుతోందో లేదో చూడండి, ఏళ్ల తరబడి వాడకపోతే బిగుసుకుపోతాయి. టైరు పక్కన డాట్ కోడ్ చివర నాలుగు అంకెలు ఉంటాయి, 2321 అంటే 2021లో 23వ వారం తయారైందని. నాలుగు టైర్లూ నాలుగు రకాలైతే ఓనర్ బండిని ఎలా చూసుకున్నాడో వేరే చెప్పక్కర్లేదు. ఆఖర్న బండి కంప్యూటర్‌లో నమోదైన లోపాలు చూపే ఓబీడీ స్కానర్ పెట్టించి, మీకు తెలిసిన మెకానిక్‌తో చూపించి, సర్వీసు రికార్డులో కిలోమీటర్లు వరసగా పెరుగుతున్నాయో చూసుకుని అప్పుడు బేరం మొదలుపెట్టండి.

11. బేరం, డెలివరీ

రెండు చోట్ల రాతపూర్వకంగా కొటేషన్ తీసుకోండి, ప్రతి పద్దూ విడివిడిగా. ఇన్సూరెన్స్, యాక్సెసరీల ప్యాకేజీ, ఎక్స్‌టెండెడ్ వారంటీ, "హ్యాండ్లింగ్" పేరుతో ఏదైనా, ఒక్కోటీ అడగండి: ఇది తప్పనిసరా? చాలావాటికి జవాబు కాదనే వస్తుంది. పాత బండి ఎక్స్‌ఛేంజ్ బేరాన్నీ, కొత్త బండి ధర బేరాన్నీ కలపనివ్వకండి. ఒకచోట ఇచ్చినట్టే ఇచ్చి ఇంకోచోట తీసేసుకుంటారు.

డబ్బు మొత్తం కట్టక ముందే బండిని పగటి వెలుతురులో చూడండి. ఛాసిస్ నంబరు కాగితాలతో సరిపోయిందా, తయారైన నెల ఏది, ఓడోమీటర్ మీద ఎన్ని కిలోమీటర్లు, పెయింట్ షేడ్ అన్ని ప్యానెళ్లకూ ఒకటేనా, స్టెప్నీ, జాకీ ఉన్నాయా, రెండో తాళం ఇచ్చారా. ఎండలో నెలల తరబడి యార్డులో నిలబడిన బండయితే టైర్ల మీద, బ్యాటరీ మీద ఆ గుర్తు ఉంటుంది, దానికి తగ్గింపు అడగడం మీ హక్కు. ఇంటికి బయల్దేరే ముందు డ్రైవర్ తలుపు తెరిస్తే స్తంభం మీద చిన్న స్టిక్కర్ కనబడుతుంది, టైర్లలో ఎంత గాలి ఉండాలో అక్కడ రాసి ఉంటుంది, ఖాళీకి ఒక అంకె, ఫుల్ లోడుకి ఇంకో అంకె. రవాణా కోసం కొత్త బండ్లలో గాలి ఎక్కువ నింపి పంపుతారు, ఒక్కోసారి తగ్గించడం మర్చిపోతారు. మొదటి రోజు బండి రాయిలా కుదిపేస్తోందని సస్పెన్షన్‌ని తిట్టుకునే ముందు ఆ స్టిక్కర్ చూసి గాలి సరిచేయించండి.